పాఠకుల ప్రశ్నలు: నిలువ నీడ లేనివారి ఇల్లు, దాని జమాఖర్చులు

నిరాశ్రయుల కోసం ఇల్లు నడుపుతున్నవారు, నడపాలనుకుంటున్నవారు పంపిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డబ్బు గురించే. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. లెక్కల్లో వాడిన జీతాలు, ధరలు, అద్దెలు ఉదాహరణ కోసం తీసుకున్నవే. మీ ఊరి రేట్లు వేసి మళ్లీ కట్టుకోండి.

ప్రశ్న: నలుగురు మిత్రులం కలిసి ట్రస్టు రిజిస్టర్ చేశాం. రైల్వేస్టేషన్ దగ్గర, ఫ్లైఓవర్ల కింద పడుకునే మగవాళ్లకు 40 పడకల ఇల్లు తెరవాలనుకుంటున్నాం. వాళ్లలో ముసలివారు, మనసు బాగోలేనివారు, తాగుడు అలవాటున్నవారు ఉంటారు. అద్దె, భోజనం, కరెంటు కలిపి నెలకు రెండు లక్షలు అవుతుందని అంచనా. సరిపోతుందా? (ఒక పాఠకుడు, విజయవాడ)

సరిపోదు. మీ అంచనాలో బియ్యం ఉంది, అద్దె ఉంది, మనుషులు లేరు. ఇలాంటి ఇంట్లో సగం ఖర్చు జీతాలదే. అందులోనూ రాత్రి మేలుకుని ఉండేవారి జీతమే మొదట లెక్కలోకి రావాలి.

24 గంటలూ ఒక మనిషి డ్యూటీలో ఉండాలంటే రోజుకు మూడు షిఫ్టులు, వారానికి 21. ఒకరు వారానికి ఆరు షిఫ్టులు చేస్తారు కాబట్టి ఒక్క స్థానానికే మూడున్నర మంది కావాలి. జ్వరాలు, పండగలు, సెలవులు కలుపుకుంటే నలుగురు. మీ ఇంటికి షిఫ్టుకు ఒకరు చాలరు. అర్ధరాత్రి ఒకరికి ఫిట్స్ వచ్చి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే, మిగిలిన ముప్పై మందిని చూసుకోవడానికి ఇంట్లో ఒకరు ఉండాలి కదా. కాబట్టి షిఫ్టుకు ఇద్దరు, మొత్తం ఎనిమిది మంది కేర్‌టేకర్లు. డబ్బు మిగులుతుందని 12 గంటల డ్యూటీలు వేసేవాళ్లున్నారు. తెల్లవారుజామున మూడింటికి ఆ మనిషి నిద్రపోతాడు, గొడవలు జరిగేదీ ఆ వేళలోనే. పైగా ఎనిమిది గంటలు దాటిన పనికి ఓవర్‌టైమ్ రెట్టింపు ఇవ్వాల్సి వస్తుంది.

ఇప్పుడు లెక్క కడదాం. ఎనిమిది మంది కేర్‌టేకర్లకు తలా 15,000 చొప్పున 1,20,000. మేనేజరుకు 30,000, సోషల్ వర్కరుకు 25,000, ఇద్దరు వంటవాళ్లకు 28,000, పారిశుద్ధ్య పనికి ఒకరికి 12,000. జీతాలు 2,15,000. పదిమంది దాటారు కాబట్టి ఈఎస్ఐ వర్తిస్తుంది. 21,000 లోపు జీతాలున్నవారి మొత్తం 1,60,000 మీద యజమాని వాటా 3.25 శాతం, అంటే 5,200. గ్రాట్యుటీని చాలామంది మరిచిపోతారు. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం, అంటే జీతంలో దాదాపు 4.8 శాతం. దాన్ని నెలనెలా 10,300 చొప్పున పక్కన పెట్టకపోతే, కొన్నేళ్లకు ముగ్గురు ఒకేసారి మానేసిన నెలలో ఇల్లు మూసుకునే పరిస్థితి వస్తుంది. పీఎఫ్ 20 మంది ఉంటే తప్పనిసరి. మీ ఇంట్లో 13 మందే.

భోజనానికి సగటున 34 మంది, డ్యూటీలో ఉన్న సిబ్బంది నలుగురు. రోజుకు మనిషికి 90 రూపాయల చొప్పున నెలకు 1,02,600. అద్దె 60,000. కరెంటు, నీళ్లు 18,000. మందులు, సబ్బులు, బట్టలు, ఆటోలు 25,000. పడకలు, కుళాయిల మరమ్మతులకు 10,000. ఆడిటు, ఫోను, అకౌంటెంటు 10,000. అన్నీ కలిపితే 4,56,100.

ఇందులో తిండి వాటా 22 శాతం, ఈఎస్ఐ, గ్రాట్యుటీతో కలిపి జీతాలు 50 శాతం. పుట్టినరోజుకు ఒక పూట భోజనం పెట్టేవాళ్లు మీకు దొరుకుతారు. రాత్రి డ్యూటీ మనిషికి జీతం ఇచ్చే దాత వెతికినా దొరకడు. అందుకే విరాళం అడిగేటప్పుడు “ఒక పూట భోజనం 3,000” అని బోర్డు పెట్టకండి. “ఒక రోజు ఇల్లు నడవడానికి 15,200, అందులో భోజనం కూడా ఉంది” అని రాయండి. ఈ ఒక్క మార్పుతో వచ్చే డబ్బు ఏ ఖర్చుకైనా పనికొస్తుంది.

అంతకంటే ముఖ్యమైనది ఖాళీ పడకల సంగతి. 40 పడకలూ నిండితే తిండి ఖర్చు 16,200 పెరిగినా ఒక పడకకు రాత్రికి 394 రూపాయలే. 34 మంది ఉంటే 447. 24 మందే ఉంటే తిండి ఖర్చు 27,000 తగ్గుతుంది గానీ జీతాలు, అద్దె తగ్గవు, పడక ఖర్చు 596కి చేరుతుంది. తలకింత అని ఇచ్చే దాతతోగానీ ప్రభుత్వ విభాగంతోగానీ ఒప్పందం రాసుకునేటప్పుడు 394 అంకె వాడారంటే మొదటి నెల నుంచే నష్టం. 85 శాతం నిండుతాయనుకుని రేటు కట్టండి. తెరిచిన తొలి నెలల్లో పదిహేను మంది కూడా రారు. వీధిలో ఉన్నవారు కొత్త చోటును నమ్మడానికి సమయం పడుతుంది. ఆ నెలల నష్టాన్ని కూడా ప్రారంభ పెట్టుబడిలో చూపాలి.

మంచాలు కొనేటప్పుడు ఇనపవే కొనండి. చెక్క సందుల్లో నల్లులు చేరితే పరుపులన్నీ పారేయాల్సి వస్తుంది. పరుపులకు జిప్పుతో మూసుకునే రెక్సిన్ కవరు ఉండాలి, తడిసినా తుడిస్తే పోతుంది. ఒక్కొక్కరికి తాళం వేసుకునే చిన్న బీరువా తప్పనిసరి. ఆధార్ కార్డు, మందులు పోతే వాటిని మళ్లీ తెప్పించే ఖర్చూ తిరుగుడూ మీ సోషల్ వర్కరు మీదే పడతాయి. మానసిక రోగులకు సంరక్షణ, చికిత్స ఇచ్చే చోటుగా మీ ఇల్లు నడిస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీలో నమోదు కావాలి. ఆ నమోదుకు తగిన సిబ్బంది కూడా కావాలి కాబట్టి ఎవరిని చేర్చుకోవాలన్న నిర్ణయం బడ్జెట్ రాయడానికి ముందే జరగాలి.

ప్రశ్న: ఒక పురపాలక సంఘం తరఫున షెల్టర్ నడుపుతున్నాం. ఎనిమిది నెలలుగా నిర్వహణ సొమ్ము రాలేదు. సభ్యుల దగ్గర చేబదుళ్లు తెచ్చి జీతాలిస్తున్నాం. ఆడిటరేమో పన్ను చిక్కు ఉందంటున్నారు. (ఒక పాఠకురాలు, ఉత్తర తెలంగాణ)

ముందు సొమ్ము రావడం గురించి. వాయిదాలు ఆగడానికి తరచూ కనిపించే కారణం యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే గ్రాంటును దేనికి ఖర్చు పెట్టారో చూపే పత్రం, అందరూ యూసీ అనేది. గ్రాంటు నియమాల ప్రకారం సంస్థలు జీఎఫ్ఆర్ 12-ఏ నమూనాలో ఇస్తాయి. అది మూడు చోట్ల ఆగుతుంది. గ్రాంటు ఖాతాలో పడిన బ్యాంకు వడ్డీని చూపకపోవడం ఒకటి. ఆ వడ్డీ మీది కాదు, ప్రభుత్వానికి తిరిగి వెళ్లాలి. పరుపులకని వచ్చిన డబ్బును జీతాలకు మళ్లించడం రెండోది. హాజరు పుస్తకంలో ఉన్న మనుషుల సంఖ్యకూ భోజనాల బిల్లుకూ పొంతన లేకపోవడం మూడోది. రాత్రి తొమ్మిదింటికి తీసిన హాజరు, ఆ రోజు వండిన బియ్యం కిలోలు ఒకే పేజీలో పక్కపక్కన రాయించండి. తనిఖీకి వచ్చినవారు మొదట చూసేది అదే.

నెల పూర్తయిన ఐదో తేదీలోగా ఖర్చుల పత్రం ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. నోటి మాటగా అడిగిన బకాయికి రికార్డు ఉండదు. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా జిల్లా అధికారికి కూడా నకలు పంపండి.

ఇక అప్పు. సభ్యులిచ్చిన డబ్బును కమిటీ తీర్మానం రాసి, బ్యాంకు ద్వారానే తీసుకోండి. 20,000 లేదా అంతకు మించిన అప్పు నగదుగా తీసుకుంటే జరిమానా పడుతుంది. ఇక ఆడిటరు చెబుతున్న పన్ను చిక్కు సంగతి. ధర్మసంస్థకు పన్ను మినహాయింపు ఉండాలంటే ఆ యేటి ఆదాయంలో 85 శాతం లక్ష్యాల మీద ఖర్చు చేయాలి. అప్పు తెచ్చి పెట్టిన ఖర్చు ఈ లెక్కలోకి రాదు. తిరిగి తీర్చిన ఏడాదిలో, అదీ ఐదేళ్ల లోపు తీరిస్తేనే వస్తుంది. మార్చి 31 నాటికి చెల్లించని బియ్యం కొట్టు బిల్లు కూడా ఆ యేటి ఖర్చు కాదు. ఇదే సమయంలో రావలసిన గ్రాంటును పుస్తకాల్లో ఆదాయంగా రాసుకుని ఉంటే, చేతికి రాని డబ్బుకు 85 శాతం నియమం మెడకు చుట్టుకుంటుంది. దానికి దారి ఉంది. ఆదాయం అందలేదు కాబట్టి ఖర్చు చేయలేకపోయామని గడువులోగా ఆన్‌లైన్‌లో తెలపాలి. 1961 ఆదాయపు పన్ను చట్టం కింద అది ఫారం 9ఏ. రిటర్ను వేసేటప్పుడు గుర్తుకొస్తే ఆలస్యమైనట్టే, ఆడిటరుకు ఇప్పుడే చెప్పండి.

ముందు ముందు ఈ గతి పట్టకుండా నిల్వ నిధి కావాలి. నెలకు 4.56 లక్షల ఖర్చున్న ఇంటికి మూడు నెలల నిల్వ అంటే 13.7 లక్షలు. ఖర్చు చేయకుండా ఉంచుకోవడానికి చట్టం వదిలిన 15 శాతం ఇందుకు పనికొస్తుంది. ఏడాదికి 55 లక్షల ఆదాయంలో అది ఎనిమిది లక్షలకు పైనే. చాలామంది కార్యదర్శులు మార్చి నెలలో మిగిలిన డబ్బును ‘ఎందుకు మిగిల్చారని అడుగుతారేమో’ అన్న భయంతో అవసరం లేని సామాను మీద ఖర్చు పెట్టేస్తారు. మిగిల్చడం తప్పు కాదు. దాన్ని కమిటీ తీర్మానంతో వేరే ఫిక్సెడ్ డిపాజిట్లో వేయండి. అయితే ఒక పనికని షరతుతో వచ్చిన గ్రాంటును మిగిల్చుకునే హక్కు మీకు లేదు. నిల్వ కట్టవలసింది షరతు లేని విరాళాల నుంచే.

సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధుల కోసం కంపెనీల దగ్గరకు వెళితే “జీతాలకు ఐదు శాతమే ఇస్తాం” అనే మాట వింటారు. ఆ ఐదు శాతం పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ వ్యవహారాలు చూసుకోవడానికి పెట్టే సాధారణ పాలనా ఖర్చుకు. ఇంట్లో పనిచేసే కేర్‌టేకరు జీతం ప్రాజెక్టు ఖర్చే. నియమం చూపించి మర్యాదగా అడగండి, చాలాసార్లు ఒప్పుకుంటారు.

ప్రశ్న: మా ఇంట్లో ఉండే ముసలివారిలో కొందరికి పింఛను వస్తుంది. నిర్వాహకులు ఆ డబ్బు తీసుకుని ఇంటి ఖర్చులో కలిపేస్తున్నారు. “తిండి పెడుతున్నాం కదా” అంటారు. ఇది సబబేనా? అసలు ఉండేవారి దగ్గర డబ్బు తీసుకోవచ్చా? (ఒక వాలంటీరు, తిరుపతి)

పింఛను ఆ మనిషిది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000. వీధిలో బతికినవారికి సొంతంగా ఉన్న ఆస్తి బహుశా అదొక్కటే. దాన్ని సంస్థ జమలో కలపడం సబబు కాదు. దాత ఇచ్చిన డబ్బు దుర్వినియోగం కన్నా ఇది పెద్ద తప్పని మా అభిప్రాయం. దాతకు మరో దారి ఉంటుంది, ఈ మనిషికి ఉండదు.

రుసుము తీసుకోవడం వేరు. పట్టణ జీవనోపాధుల మిషన్ కింది షెల్టర్ల మార్గదర్శకాలే, సంపాదన ఉన్నవారి నుంచి ఆదాయంలో పదో వంతు నుంచి ఇరవయ్యో వంతు వరకు తీసుకోవచ్చన్నాయి. కూలికి వెళ్లి నెలకు 12,000 తెచ్చుకునే మనిషికి అది 600 నుంచి 1,200. ఆదాయం లేనివారికి సున్నా. రుసుము ఎంతో చేరే రోజే తెలుగులో చదివి వినిపించి, కాగితం ఇచ్చి, ప్రతిసారీ రసీదు రాయండి. కట్టలేదని రాత్రి బయటికి పంపకూడదు. బడ్జెట్‌లో దీని మీద ఆశ పెట్టుకోవద్దు కూడా. 34 మందిలో పదిమంది తలా 800 కట్టినా వచ్చేది 8,000, ఇంటికి అర రోజు ఖర్చు. జీఎస్టీ గురించి భయపడేవారికి ఒక మాట: ఒక మనిషికి నెలకు 20,000 లోపు ఉండి, కనీసం 90 రోజులు వరుసగా ఉండే వసతికి 2024 జులై నుంచి మినహాయింపు ఉంది.

డబ్బు దాచిపెట్టమని అడిగేవాళ్లుంటారు. అప్పుడు చేయవలసినది: మొదట జన్‌ధన్ ఖాతా తెరిపించండి. చిరునామా రుజువు లేకపోతే, గుర్తింపు ఉన్న ఆశ్రమాల అధిపతి నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రంతో ఆధార్ నమోదు వీలవుతుంది. పాస్‌బుక్కూ కార్డూ వారి బీరువాలోనే ఉండాలి. ఏటీఎం కార్డు, పిన్ కేర్‌టేకరు దగ్గర ఉంచడం వల్లే ఎక్కువ దొంగతనాలు జరుగుతాయి. రోజుకు వంద, రెండు వందలు మీ దగ్గర పెట్టుకోమన్నవారికి మనిషికొక పేజీ ఉన్న పుస్తకం పెట్టండి. తేదీ, ఇచ్చింది, తీసుకుంది, నిల్వ, వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆ నగదు పెట్టె ఇంటి ఖర్చుల పెట్టెతో ఒక్క రోజు కూడా కలవకూడదు. ప్రతి శనివారం పెట్టెలో నగదూ పేజీల నిల్వల మొత్తమూ ఒకటేనా అని, డబ్బు చేతపట్టని మూడో మనిషి లెక్కపెట్టాలి.

మనసు బాగోలేని వ్యక్తికి మీరు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద ‘నామినేటెడ్ రిప్రజెంటేటివ్’ (రోగి తరఫున నిలిచే ప్రతినిధి) అయితే ఆ అధికారం చికిత్స విషయాలకే, డబ్బుకు కాదు. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది. ఎవరైనా చనిపోతే వారి నిల్వ వారసులది. ఇంటి జమలో కలపకండి, ఖాతాలకు నామినీ ఉందో లేదో బతికి ఉండగానే చూసుకోండి.

ప్రశ్న: ఇంట్లో ఉండేవారితోనే టిఫిన్ సెంటర్ పెట్టి, ఆ లాభంతో ఇల్లు నడపొచ్చా? (హైదరాబాద్)

ఉపాధిగా మంచి ఆలోచనే, ఇల్లు నడిపే ఆదాయంగా పనికిరాదు. రోజుకు 200 టిఫిన్లు, ఒక్కోటి 40 రూపాయలు, నెలకు 26 రోజులు అనుకోండి. అమ్మకం 2,08,000. పప్పులు, నూనె, గ్యాసు, అద్దె, పనిచేసేవారి కూలీ పోగా బాగా నడిచే చోట పది శాతం మిగిలితే 20,800. అది ఇంటికి రోజున్నర ఖర్చు కూడా కాదు. కూలీ ఎగ్గొడితేనే ఎక్కువ మిగులుతుంది, అది చేయకూడదు. ‘థెరపీ’ పేరుతో జీతం లేని పని చేయించడం దోపిడీయే. నడిపితే విడిగా లెక్కల పుస్తకాలు పెట్టండి, ధర్మసంస్థ చేసే వ్యాపారానికి చట్టం అది తప్పనిసరి చేసింది.

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో ఆరు గదుల ఇల్లు కొన్నాం. ఇళ్లులేని బలహీనుల కోసమని ఒక సోషల్ ఎంటర్‌ప్రైజ్ ఐదేళ్ల లీజు, ‘గ్యారంటీ అద్దె’ ఇస్తామంటోంది. ఒప్పుకోమంటారా? (ఇంగ్లండ్ నుంచి ఒక తెలుగు కుటుంబం)

గ్యారంటీ ఇచ్చేవారి దగ్గర డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందు తెలుసుకోండి. ఆ ఇంట్లో ఉండేవారికి అద్దె కోసం వచ్చే ప్రభుత్వ సాయం, అంటే హౌసింగ్ బెనిఫిట్ నుంచే వస్తుంది. మామూలు అద్దె ఇంటికి ఉన్న పరిమితి, తోడ్పాటుతో కూడిన ‘ఎగ్జెంప్ట్ అకామడేషన్’ అనే వసతికి ఉండదు కాబట్టి ఎక్కువ వస్తుంది. దానికి షరతులున్నాయి. నడిపేది హౌసింగ్ అసోసియేషన్, రిజిస్టర్డ్ చారిటీ, లాభాపేక్ష లేని స్వచ్ఛంద సంస్థ వంటిది కావాలి. సంరక్షణ, తోడ్పాటు లేదా పర్యవేక్షణ ఆ సంస్థే గానీ దాని తరఫున మరొకరు గానీ ఇవ్వాలి, అదీ నామమాత్రంగా కాదు. తోడ్పాటు ఇచ్చే సిబ్బంది జీతాలు మాత్రం హౌసింగ్ బెనిఫిట్‌లో రావు. ఆ జీతాలు ఎవరిస్తున్నారో చెప్పలేని సంస్థ దగ్గర తోడ్పాటు కూడా ఉండదు.

సంస్థ సీఐసీ (కమ్యూనిటీ ఇంటరెస్ట్ కంపెనీ) అయితే షేర్లున్నదా, షేర్లు లేని గ్యారంటీ కంపెనీయా అడగండి. షేర్లున్న సీఐసీ పంచదగిన లాభంలో 35 శాతం వరకు డివిడెండు ఇవ్వగలదు, కాబట్టి లాభాపేక్ష లేనిదని హౌసింగ్ బెనిఫిట్ చెల్లించే కౌన్సిల్ (అక్కడి స్థానిక పాలక సంస్థ) ఒప్పుకోకపోవచ్చు. పైగా నడిపేది రిజిస్టర్డ్ హౌసింగ్ ప్రొవైడర్ కానప్పుడు, రెంట్ ఆఫీసర్ (అద్దెలు అంచనా కట్టే ప్రభుత్వ అధికారి) నిర్ణయించిన అద్దెకు మించిన సొమ్ములో బలహీన వర్గపు క్లెయిములకు 60 శాతమే కేంద్రం నుంచి కౌన్సిల్‌కు తిరిగి వస్తుంది. మిగతాది కౌన్సిల్ సొంత జేబు నుంచి పోతుంది కాబట్టి క్లెయిములను గట్టిగా పరీక్షిస్తారు.

ఉదాహరణకు ఒక్కో గదికి వారానికి 200 పౌండ్ల చొప్పున ఆరు గదులకు 1,200. మీ లీజుకు 600, బిల్లులకు, కౌన్సిల్ ట్యాక్సుకు 250, ఇంటి నిర్వహణకు 250 పోతే మిగిలేది 100. ఒక గది ఒక్క వారం ఖాళీగా ఉంటే రెండు వారాల మిగులు పోయింది. గదుల్లో వాడే గ్యాసు, కరెంటు, భోజనం బెనిఫిట్‌లో రావు. వాటికి ఉండేవారి నుంచి వారానికి 15 పౌండ్లు రావాలని రాసుకున్నా చాలాభాగం బాకీగానే మిగులుతుంది. ఇంత సన్నటి లెక్క మీద ఐదేళ్ల అద్దె, ఏటా ధరలతో పాటు పెరిగే షరతు నిలబడవు. క్లెయిము ఒకటి తిరస్కరణకు గురైతే సంస్థ కూలుతుంది, ఇంట్లో మనుషులు మీ బాధ్యతగా మిగులుతారు.

ఒప్పుకునే ముందు రెండేళ్ల ఆడిట్ లెక్కలు, తోడ్పాటు ఒప్పందం, ఈ చిరునామా గురించి కౌన్సిల్‌తో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు అడగండి. 2023లో వచ్చిన సపోర్టెడ్ హౌసింగ్ చట్టం ఇంగ్లండ్‌లో లైసెన్సులకు, ప్రమాణాలకు దారి వేసింది కాబట్టి ఆ ఖర్చు ఎవరిదో లీజులో రాయించండి. వేర్వేరు కుటుంబాలవారు ఐదుగురు లేదా ఎక్కువమంది పంచుకుని ఉండే ఇంటికి కావలసిన హెచ్ఎంఓ లైసెన్సు ఉందో లేదో కూడా చూసుకోండి. బెనిఫిట్ నిలిచిపోతే లీజు ముగించే వెసులుబాటు ఇరువైపులా ఉండాలి. మీకు వచ్చే అద్దె మార్కెట్ కన్నా బాగా ఎక్కువగా ఉంటే, ఆ తేడా ఉండేవారికి అందవలసిన తోడ్పాటులోంచి వస్తోందని అర్థం. అలాంటి ఒప్పందం వద్దనే మా సలహా.

ప్రశ్న: బియ్యం బస్తాలు ఇచ్చేవారు తమకు పన్ను తగ్గింపు కోసం 80జీ రసీదు అడుగుతున్నారు. అమెరికాలోని బంధువులు కూడా డబ్బు పంపుతామంటున్నారు. (గుంటూరు)

వస్తురూపంలో ఇచ్చినదానికి 80జీ వర్తించదు. మామూలు అందినట్టు రసీదు ఇచ్చి, స్టాకు పుస్తకంలో కిలోలతో రాయండి. నగదుకైతే 2,000 వరకే. పేరు, చిరునామా లేని విరాళాలు లక్ష రూపాయలు లేదా మొత్తం విరాళాల్లో ఐదు శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది దాటితే, పైమొత్తం మీద 30 శాతం పన్ను పడుతుంది. హుండీ డబ్బు ఎక్కువగా వచ్చేవారు ఇది చూసుకోవాలి.

అమెరికా బంధువుల దగ్గర ఏ పాస్‌పోర్టు ఉందో ముందు అడగండి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, పాస్‌పోర్టు నకలు ఫైల్లో ఉంచుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి. సొమ్ము ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, పాలనా ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు, మరో సంస్థకు బదిలీ చేయకూడదు.

పెళ్లిళ్లలో మిగిలిన భోజనం ఇస్తామనేవారికి సాయంత్రమే ఫోన్ చేసి వంట ఎప్పుడు దించారో కనుక్కోండి. నాలుగు గంటలు దాటిన పెరుగన్నం, పప్పు తీసుకోకండి. షుగరు, కాలేయ జబ్బులున్న ముప్పై మందికి ఒకేసారి విరేచనాలు పట్టుకుంటే ఆ రాత్రి అయ్యే ఖర్చు వారం తిండి కన్నా ఎక్కువ.